ఏడాకుల పిలకలు

శ్యామలాదేవి ఆ సందేశంలో ఎవరి పేరూ రాయలేదు. రాయకపోవడం మర్యాద అనుకుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా బడిలో తెలుగు చెబుతున్న మనిషి. ఏ మాట ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి. జనవరిలో ఒక ఆదివారం ఉదయం, నాచారంలోని తమ కాలనీ మొక్కల గ్రూపులో, రెండుసార్లు దిద్దుకుని మరీ పెట్టింది.

"మొక్కల పనికి మనుషులను పిలిచే ముందు దయచేసి విచారించుకోండి. తెలిసీ తెలియక వేసిన ఎరువుల వల్ల మా ఇంట్లో నలభై ఏళ్ల గులాబీ చెట్టు చనిపోయింది. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు."

ఆ సందులో మొక్కల పని చేసేది ఒక్క శాంతయ్యే. నెల తిరక్కుండానే అతన్ని పిలిచే మూడిళ్లూ మానేశాయి. నాలుగోది ఆమె ఇల్లు. అంతకు ముందే ఆమె వద్దని చెప్పేసింది.

ఆ గులాబీకి పేరు లేదు. ఇంట్లో అందరూ అమ్మ గులాబీ అనేవారు. అమ్మ అంటే శ్యామలాదేవి అత్తగారు రాజేశ్వరమ్మ. మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉన్న రోజుల్లో పక్కింటావిడ బదిలీ మీద వెళ్తూ పెన్సిలంత లావు కొమ్మ ఒకటి విరిచి ఇచ్చిందట. రాజేశ్వరమ్మ దాన్ని డాల్డా డబ్బాలో గుచ్చి, నాచారంలో ఇల్లు కట్టుకున్నాక ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వచ్చింది. గృహప్రవేశానికి దేవుడి పటం కంటే ముందు ఇంటి ఆవరణలోకి వచ్చింది ఆ చెట్టేనని కొడుకు ఉమామహేశ్వర్ నవ్వుతూ చెప్పేవాడు.

చూడడానికి గొప్ప పువ్వేమీ కాదు. లేత గులాబీ రంగు. రేకులు ఒక వరుస లేకుండా కిక్కిరిసి, మధ్యలో ఎవరో వేలితో అదిమినట్టు చదునుగా ఉంటుంది. కాడ పొట్టి, మెడ బలం లేదు, గ్లాసులో పెడితే తల వాల్చేస్తుంది. తెల్లవారుజామున విచ్చుకుని, పదింటికల్లా రంగు వెలిసి, మధ్యాహ్నానికి తాకితే రాలిపోతుంది. కానీ వాసన మాత్రం పాలపాకెట్టు కోసం తలుపు తీసినవాళ్లను గడప మీద ఒక క్షణం ఆపేది. ఎండిన రేకులు బీరువాలో చీరల మడతల్లో వేస్తే మరుసటి ఏడాది దాకా ఉండేది. రాజేశ్వరమ్మ రేకులూ పటికబెల్లమూ పొరలు పొరలుగా జాడీలో వేసి, నెల రోజులు ఎండలో పెట్టి గుల్కంద్ చేసేది. ఆ వీధిలో కడుపులో మంట అన్న ప్రతివాళ్లకూ ఒక చెంచా అందేది.

ఉమామహేశ్వర్ ఏఎస్ రావు నగర్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. రిటైరయ్యాక ఆ చెట్టు గురించి దొరికిందల్లా చదివాడు. ఇలాంటి గులాబీల పూర్వీకులు ఎప్పుడో పడమటి దేశాల నుంచి అత్తరు కోసం వచ్చాయని, వాటికి ఏడాదికి ఒకటే పూత అని, ఎక్కడో చైనా గులాబీతో కలిశాక ఏడాది పొడుగునా పూయడం నేర్చాయని చెప్పేవాడు. దర్గాలో చాదరు మీదా ఇదే, గుడిలో అమ్మవారి మెడలోనూ ఇదే, శాంతయ్య వాళ్ల చర్చి సమాధుల మీదా ఇదే అనేవాడు. ఇప్పుడు పూల బజారులో ఇది కనబడదు. వారం రోజులు వాడకుండా ఉండే వాసన లేని గులాబీలు వచ్చాక సాయంత్రానికి రాలిపోయేదాన్ని ఎవరు కొంటారు? చేతి నుంచి చేతికి కొమ్మగా వెళ్తేనే ఇది బతుకుతుందని ఆయన నమ్మకం. అందుకే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇచ్చేవాడు. దమ్మాయిగూడలో కొత్త ఇల్లు కట్టుకున్న స్నేహితుడికి ఇచ్చాడు, కీసర గుట్ట కింద పొలం ఉన్న బావమరిదికి ఇచ్చాడు. శాంతయ్యకూ ఒకటి ఇచ్చాడు.

శాంతయ్య ఉప్పల్ నుంచి సైకిలు మీద నెలకు రెండుసార్లు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఉమామహేశ్వర్‌తో మాత్రం చెట్టు పక్కన స్టూళ్లు వేసుకుని, టీ చల్లారిపోయేదాకా మాట్లాడేవాడు. వాళ్లకు అంతసేపు ఏం మాటలుంటాయో శ్యామలాదేవి ఎప్పుడూ అడగలేదు. నోటు పుస్తకాలు దిద్దుకుంటూ కిటికీలోంచి చూసేది.

కిందటి మార్చిలో ఉమామహేశ్వర్ పోయాడు. ఆమె బడిలో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతుండగా ఫోను వచ్చింది. ఆమె వెళ్లేసరికే అయిపోయింది. కర్మకాండలన్నీ ఎవరో ఒకరు చేశారు. ఆమెకంటూ మిగిలిన పని ఆ చెట్టు ఒక్కటే.

జూన్‌లో వానలు పడగానే మొదలు దగ్గర భూమిలోంచి ఎర్రటి లేత పిలకలు నాలుగు లేచాయి. బొటనవేలంత లావు. అదే వారం గ్రూపులో పక్కింటి సూర్యకళ ఒక వీడియో పెట్టింది. గులాబీకి అడుగు నుంచి వచ్చే కొమ్మలు అంటు కట్టడానికి వాడిన అడవి గులాబీ వేరువని, ఒక్కో ఆకులో ఏడేసి రెబ్బలుంటే అవి పిచ్చి కొమ్మలేనని, వెంటనే కోయకపోతే అసలు చెట్టును మింగేస్తాయని అందులో నర్సరీ అతను చెప్పాడు. శ్యామలాదేవి వంగి వేలితో లెక్కపెట్టింది. ఏడు. ఇంకో ఆకు. ఏడు. భర్త వాడిన కత్తెర తెచ్చి నాలుగింటినీ మొదలంటా కోసింది.

ఆ రోజు చాలా కాలానికి ఆమెకు కడుపు నిండా అన్నం సహించింది. ఆయన వస్తువును తాను కాపాడుతున్నానన్న తృప్తి.

తర్వాతి వారం శాంతయ్య వచ్చి, మొదలు దగ్గర గొంతుక్కూచున్నాడు. కోసిన చోట్లు వేలితో తడిమాడు. లేచి, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"అమ్మా, కిందికెల్లి వచ్చేటియి కొయ్యకున్రి. గవే ఉండాలె దీనికి."

"నాకు తెలుసు శాంతయ్యా. చూసే కోశాను."

ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. బడిలో వెనక బెంచీ పిల్లలను ఒక్క ముక్కతో ఆపేసే గొంతు అది. అతను ఆగిపోయాడు.

ఆమె ఆగలేదు. వానాకాలమంతా ప్రతి ఆదివారం వంగి చూడడం, కనబడిన పిలకనల్లా కోయడం. చెట్టు మొండిగా మళ్లీ పంపేది. ఆమె మళ్లీ కోసేది. దసరా నాటికి పైనున్న పాత కొమ్మలు బెరడు కట్టి, ఆకు చిన్నదై, పూత పలచబడింది. నవంబరులో శాంతయ్య అడగకుండానే మేక ఎరువూ వేపపిండీ తెచ్చి వేసి, నీళ్లు పోసి వెళ్లాడు. డిసెంబరులో ఒక కొమ్మ ఎండింది, తర్వాత ఇంకోటి. క్రిస్మస్ సెలవుల్లో ఆమె మొదలు గీరి చూస్తే లోపల పచ్చ లేదు, గోధుమరంగు.

అతను వేసిన ఎరువు, ఆ వెంటనే ఎండిన చెట్టు. ఆమెకు ఆ రెండూ పక్కపక్కనే కనబడ్డాయి. ఏం కలిపావని అడిగింది. మేక ఎరువేనమ్మా అన్నాడు. ఇక రావద్దంది. అతను గేటు దగ్గర చెప్పులేసుకుంటూ ఒక్కసారి చెట్టు వైపు చూశాడు, అంతే.

ఆ తర్వాతే ఆ సందేశం.

మార్చిలో సంవత్సరీకం దగ్గర పడింది. పటానికి ఏ పూలు వేయాలన్నది ఆమెకు ముల్లులా గుచ్చింది. ఉప్పల్ బజారులో చూసింది. బకెట్లలో నిలబడ్డ పొడుగు కాడల గులాబీలు. ఒకటి తీసి వాసన చూస్తే ఫ్రిజ్జు వాసన. అప్పుడు, అన్నిటికంటే దగ్గర్లో, శాంతయ్య ఇంట్లో కొమ్మ గుర్తొచ్చింది. అతను చేసింది మనసులో పెట్టుకోకుండా వెళ్లి అడగాలనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకు కొంచెం గౌరవం కూడా కలిగింది. తర్వాత రోజుల్లో ఆమెను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపరచింది ఆ గౌరవమే.

ఉప్పల్ బస్టాండు దగ్గర ఆటో దిగి, చర్చి వెనక సందులో అడుగుతూ వెళ్లింది. శాంతయ్య లేడు. భార్య హన్నా ఉంది. దవాఖానాలో ఆయా పని, రాత్రి డ్యూటీ దిగి వచ్చి బట్టలు ఆరేస్తోంది. ఈమెను చూసి చేతిలో చీర పిండడం ఆపి, మళ్లీ పిండింది. కూర్చోమని కుర్చీ మాత్రం వేసింది.

నీళ్ల డ్రమ్ము పక్కన గులాబీ చెట్టు గోడను దాటి పోయి ఉంది.

శ్యామలాదేవి దాన్ని గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. తమ ఇంట్లో అది ఎప్పుడూ ఇంతటిది కాలేదు. మొదలు దగ్గర ఒక్క కొమ్మ కాదు, ఏడెనిమిది, భూమిలోంచి దుడ్డుకర్రల్లా లేచి, పైన వంగి, వంగిన ప్రతి చోటా మొగ్గలు. ఆమె దగ్గరికి వెళ్లింది. అడుగు నుంచి కొత్తగా వచ్చిన కొమ్మ ఒకటి నడుము ఎత్తుంది. దాని ఆకు పట్టుకుని లెక్కపెట్టింది. ఏడు. ఆ కొమ్మ కొసనే, లేత గులాబీ రంగులో, కిక్కిరిసిన రేకులతో పువ్వు.

దీనికి ఇంకో చెట్టు వేరు లేదు శ్యామలా, తన వేరు మీద తనే ఉంటుంది, పాతది పోతుంటే కింద నుంచి కొత్తది పంపుకుంటుంది అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడు. అంటు కట్టని చెట్టుకు అడవి కొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ఆమె ఊఁ కొట్టేది. వినలేదు. చెట్టు బతకడానికి పంపిన ప్రతి కొమ్మనూ ఆరు నెలల పాటు వెతికి వెతికి కోసింది తనే.

ఆమె ఆకు వదలలేదు. వేళ్లకు ముల్లు గుచ్చుకుంటున్నా వదలలేదు.

"గవి కొయ్యొద్దని చెప్పిండంట గద మీకు," అంది హన్నా వెనక నుంచి.

"చెప్పాడు."

"మరి?"

హన్నా బకెట్టు పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఇంటికొచ్చి గదే అన్నడు. ఆమె చేతులతోనే పోతున్నది చెట్టు, మల్ల చెప్తే ఏడుస్తదేమో, సారు పోయిన ఇల్లు అన్నడు. నేనైతే చెప్పమన్న. ఇనలే. నవంబర్ల సొంత పైసలతోని ఎరువు కొనుక్కపోయిండు, గదన్న చేస్తే లేస్తదేమోనని. మీరేమో దాన్నే పట్టుకున్నరు."

శ్యామలాదేవి ఆకు వదిలేసింది.

"ఇప్పుడు అపార్టుమెంటుల కాపలా. టైల్సు తుడుస్తుండు. ముప్పై ఏండ్లు మట్టిల పనిజేసిన మనిషి, మట్టి లేని కాడ కూసున్నడు." హన్నా ఒక్కసారి నవ్వింది, నవ్వు కాదది. "మీరు దేనికొచ్చిన్రు మేడం?"

అప్పుడు చెప్పినదాని కంటే కష్టమైనది ఆమె జీవితంలో ఎన్నడూ చెప్పలేదు. పూల కోసం అంది. ఒక కొమ్మ కోసం కూడా అంది. చెట్టును చంపింది తనేనని, ఇప్పుడే తెలిసిందని, అయినా అప్పుడు కూడా తెలుసుకోవచ్చునని అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. క్షమించమని అడగబోయి, ముందు అడగాల్సింది ఈమెను కాదు కదా అని ఆగింది.

హన్నా లోపలికి వెళ్లి ఇడ్లీ ప్లేటు తెచ్చింది. విచ్చిన పూలన్నీ, పదో పన్నెండో, గోటితో తుంచి అందులో పెట్టింది.

"సారుకు తీస్కపోన్రి. సారు మంచోడు. కొమ్మ మాత్రం ఇయ్య. ఎండాకాలం నాటితే బతుకది. బతికినా మల్ల గట్లనే కోస్తరు మీరు."

ఆ చివరి మాటలో కొంచెం ఎకసెక్కం ఉంది. శ్యామలాదేవి దాన్ని తీసుకుంది.

"గ్రూపుల పెడతా అంటరేమో," అంది హన్నా గేటు దాకా వచ్చి. "గ్రూపుల మేం లేము. మాకు కనబడది. ఆ ఇండ్లకు పోయి నోటితోని చెప్పున్రి."

ఇంటికొచ్చి పూలు పటం ముందు పెట్టింది. సంవత్సరీకానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఇవి రేపటికి ఉండవు. అయినా పెట్టింది. తర్వాత ఫోను తీసి, హన్నా వద్దన్నా, రాయడానికి కూర్చుంది. "కొన్ని అపోహల వల్ల" అని మొదలైంది. చదువుకుని తుడిచేసింది. రెండోసారి రాసింది మొదటిదాని కన్నా అందంగా ఉంది. దాన్నీ తుడిచేసి, చెప్పులేసుకుంది.

సూర్యకళ తలుపు తీసి, విషయం వినగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయ్యో, నా వీడియో వల్లేనా టీచర్ అంటూ తప్పులో సగం తాను తీసుకోబోయింది. కాదని, వీడియో చూసి కోశాక, వద్దని శాంతయ్య చెప్పాడని, తాను వినలేదని శ్యామలాదేవి వివరించాల్సి వచ్చింది. సూర్యకళ తన పెరడు చూపించింది. మొత్తం రాళ్లు పరిపించేసింది. ఇప్పుడు ఆమెకు తోటమాలి అక్కర్లేదు.

రెండో ఇల్లు నరేన్‌ది. సాఫ్ట్‌వేరు ఉద్యోగి, పగలంతా ఇంట్లోంచే పని. చెవిలోంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి విన్నాడు. ఆ పనికి ఇప్పుడు యాప్‌లో బుక్ చేస్తే ఎవరో వస్తున్నారట.

"లైట్ తీస్కోండి మేడం. అయినా ఆయన తాగి వచ్చి ఏదో పోసిండని కదా అన్నరు అందరూ."

"తాగి?"

"అట్లనే విన్న. మీ మెసేజే కదా."

తన సందేశంలో అలాంటి మాట లేదని ఆమె అనబోయింది. లేదు నిజమే. ఎవరో తమకు తోచింది నింపుకునేంత ఖాళీ మాత్రం అందులో వదిలింది. శాంతయ్య చుక్క ముట్టడని, చర్చిలో ముందు వరసలో నిలబడి పాడతాడని చెప్పింది. నరేన్ మొహమాటంగా తల గోక్కున్నాడు. ఓకే మేడం, ఓకే అన్నాడు.

సందు చివరి ఇల్లు నీరజది. ఇరవై అడుగుల దూరంలో ఆగి, రేపు వద్దామా అనుకుంది. అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడి నడిచింది.

నీరజ సిటవుట్‌లో కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, అంతా విని ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోనీండి టీచర్. సార్ పోయిన బాధలో ఉన్నారు మీరు. ఆ టైమ్‌లో ఎవరికైనా అంతే. అతనికేముంది, ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది."

ఆ చెయ్యి మెత్తగా ఉంది. ఆ మాటా మెత్తగానే ఉంది. అందులో కాసేపు తల వాల్చుకోవచ్చు. ఏడాదిగా అందరూ ఆమెకు అలాంటి మాటలే ఇచ్చారు, ఆమె తీసుకుంది.

"బాధలో ఉండి రాయలేదండి," అంది శ్యామలాదేవి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంటూ. "రెండుసార్లు దిద్దుకుని రాశాను. అతను నాకు ముందే చెప్పాడు. ఆ మాట మావారు చెప్పి ఉంటే వినేదాన్ని. మీరు చెప్పినా వినేదాన్ని. పనివాడు చెప్పాడని వినలేదు."

నీరజ గోడవారగా ఉన్న కుండీల వైపు చూసింది. మల్లె తీగ అల్లుకుపోయి, కలుపు పెరిగి ఉంది.

"నాకైతే మనిషి కావాలి. ఎవరూ దొరకలేదు ఇంతవరకూ. మీరు పిలిపిస్తారా?"

"నేను పిలిస్తే మొహమాటానికి వస్తాడు. మీరే చెయ్యండి."

నీరజ దగ్గర నంబరు ఇంకా ఉంది. చేసి, స్పీకరు నొక్కి, బల్ల మీద పెట్టింది. అవతల లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు, తర్వాత శాంతయ్య గొంతు.

"నమస్తే అమ్మా."

నీరజ పని గురించి అడిగింది. ఆదివారం చర్చి ఉంటది, సోమవారం పొద్దుగాల ఒచ్చి సూస్త అన్నాడు. మల్లెకు ఇప్పుడు కత్తెర పెట్టొద్దు, నేనొచ్చేదాక ఉంచున్రి అని కూడా అన్నాడు. అలాగేనంది నీరజ. ఆమె శ్యామలాదేవి వైపు చూసి, ఫోను కొంచెం ఇటు జరిపింది.

"శాంతయ్యా, టీచర్ గారు ఇక్కడే ఉన్నారు. మీతో మాట్లాడతారట."

శ్యామలాదేవి ముందుకు వంగింది. గొంతు సిద్ధం చేసుకుంది. అవతల లిఫ్టు మళ్లీ తెరుచుకుంది, ఎవరో పిల్లలు అరుస్తూ దిగారు.

"వద్దమ్మా," అన్నాడు శాంతయ్య మెల్లగా. "డ్యూటీల ఉన్న."

ఫోను కట్టయింది. నీరజ మళ్లీ చేయనా అన్నట్టు చూసింది. శ్యామలాదేవి వద్దని చెయ్యి ఊపింది. గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి, ఖాళీ గ్లాసు వంటింట్లో పెట్టి వస్తానని లేచింది. నేను పెడతా ఉండండి టీచర్ అన్నా వినకుండా లోపలికి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు ఆ ఒక్క గ్లాసునే కడిగింది.